చారా అంటే మేత కాదు

నిరుడు వానాకాలంలో మా బావ వేసిన వరి నాట్లు ఎండిపోయిన సంగతి ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మా తెలుగువాళ్ళందరికీ తెలుసు. వారం వారం వచ్చే వాతావరణ ప్రకటన నేను చదివి వినిపించినా పెడచెవిన పెట్టి, తొందరపడి నాటి, చేజేతులా పంట పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. బావ మొండివాడన్నది నిజం. నాట్లు ఎండిపోయాయన్నదీ నిజం. నేను చదివి వినిపించానన్నది మాత్రం నిజం కాదు. ఆ ముక్క నా నోటి నుంచే వచ్చింది కాబట్టి సరిచేయవలసిందీ నేనే.

బావంటే మా పెద్దక్క భర్త. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి అదే వర్క్‌షాపులో చేరాడు. తాత, తండ్రి, బావ ముగ్గురూ ఇనుము మధ్యే బతికారు. పొలమంటే సెలవుల్లో చుట్టాల ఇంటికి వెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి చూసినదే. అలాంటి మనిషి రిటైరైన కొన్నాళ్ళకే సాలువా అవతల ఒక పల్లెలో కాస్త భూమి భాగానికి తీసుకున్నాడు. సాగు ఈయనది, పంటలో సగం భూమి గల ఆవిడది. ఆవిడ భర్త పోయిన బెంగాలీ మనిషి, బావ వయసే ఉంటుంది. మేమంతా దీదీ అనే పిలుస్తాం.

"ఇంట్లో మిరప మొక్కకి సెంబుడు నీళ్ళు పొయ్యమంటే నడుం నొప్పి. ఈయన ఎవసాయం సేత్తాడట!" అని అక్క నాతో అంది.

"మొక్కకి పెళ్ళాం సెప్తే పొయ్యాల. సేనుకి వానే పోత్తాది," అన్నాడు బావ పక్క గదిలోంచి.

మొదటి ఏడు వాన నిజంగానే పోసింది. కొత్త బియ్యం మా ఇంటికీ పంపాడు. ఆ బియ్యం వండిన రోజు అక్క కూడా ఏమీ అనలేదు. బావ నడకే మారిపోయింది. ఉద్యోగం నుంచి దిగాక మనిషి కాస్త వంగినట్టు కనిపించేవాడు. ఆ పంటతో మళ్ళీ నిటారుగా అయ్యాడు.

బావలాగే రిటైరై, చుట్టుపక్కల పల్లెల్లో భూమి తీసుకున్నవాళ్ళు మా పేటలో మరికొందరు ఉన్నారు. వాళ్ళందరూ శనివారం సాయంత్రం మా వీధి మొదట్లో ఉన్న టీ దుకాణం దగ్గర చేరతారు. దక్షిణ బెంగాల్ మైదానపు జిల్లాలన్నిటికీ కలిపి వారానికొకసారి వాతావరణ ప్రకటన వస్తుంది. ఏ జిల్లాలో ఎంత వాన పడింది, ఎక్కడ లోటుంది, వచ్చే వారం ఎలా ఉండవచ్చు, రైతులు ఏం చేయాలి అన్నవి అందులో ఉంటాయి. అది బెంగాలీలో ఉంటుంది. ఆ కాగితం ఫొటో ఫోనుల్లో చేతులు మారుతూ మాదాకా వచ్చేది.

వీళ్ళందరికీ బెంగాలీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు బడిలో చదువుకుని వర్క్‌షాపులో చేరినవాళ్ళు. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని. దుకాణాల బోర్డులు, పేపరు హెడ్డింగులు చూసి బెంగాలీ అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదువుతాను. ఆ మాత్రానికే వాళ్ళు నన్ను మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టారు. నేను రాగానే బల్ల మీద చోటిచ్చేవారు. ఆఫీసులో ఎవరూ నన్ను అలా చూసేవారు కాదు. శనివారం కోసం నేను ఎదురుచూసేవాణ్ణి.

మొదట్లో ఉన్నదున్నట్టు బెంగాలీలోనే పైకి చదివాను. నా ఉచ్చారణకి వాళ్ళు నవ్వారు. అప్పట్నుంచి మనసులో చదువుకుని, అర్థం తెలుగులో చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ పద్ధతిలో నాకు తెలియని మాట ఏదో వాళ్ళకు తెలిసే వీలు ఉండదు. ఇది నాకు ఆలస్యంగా తోచింది.

నిరుడు వానలు ఆలస్యమయ్యాయి. ఆషాఢం వచ్చినా ఆకాశం తెల్లగానే ఉండేది. సాయంత్రానికి పడమట మబ్బు కమ్మి, రైల్వే మైదానంలో దుమ్ము లేచి, నాలుగు చినుకులు రాలి ఆగిపోయేది. ప్రకటనలో జిల్లా మొత్తానికి ఒకే లెక్క వేస్తారు. తూర్పున పల్లపు ఊళ్ళలో వాన పడితే జిల్లా లోటు తక్కువగా కనిపిస్తుంది. మా వైపు నేల ఎర్ర మొరం. పడిన వాన నిలవదు, పడని వాన గురించి చెప్పేదేముంది. బావ దీదీ చెరువు నుంచి నీళ్ళు తోడించి ఆకుమడి బతికించుకున్నాడు. నారును మావాళ్ళు ఆకు అంటారు, నాట్లను ఉభాలంటారు. ఆకు ముదురుతోంది, మడిలో నీరు లేదు. బావ రోజూ సైకిలు మీద వెళ్ళి చూసి వచ్చేవాడు.

ఆ శనివారం నేను వెళ్ళేసరికి బావ అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన క్రేన్ నడిపి రిటైరైన ఆయన ఉన్నాడు. పెద్దాయన, అందర్నీ వేళాకోళం చేస్తాడు.

"ముందు వాన సంగతి సెప్పు," అన్నాడు బావ.

"మన పడమటి జిల్లాల్లో లోటుందట. వచ్చే వారం ఒకటి రెండు చోట్ల తేలికపాటి వాన పడొచ్చునట."

"ఒకటి రెండు సోట్లంటే? మా సోటు అందులో ఉన్నాదా, నేదా?"

"ఆ ముక్క రాయలేదు బావా."

"రాయనేదంటే నేదని కాదు కదేటి."

"నీ మడి పేరు వాళ్ళకి తెలిత్తే కదా, రాయడానికి!" అన్నాడు క్రేన్ ఆయన. అందరూ నవ్వారు.

దాని కింద రైతులకు సలహా ఉంది. చారా తోలా ప్రస్తుతానికి ఆపండి అని మొదటి వాక్యం. తోలా అంటే ఎత్తడం, తీయడం. అది తెలుసు. చారా దగ్గర ఆగాను. ఆఫీసులో మేము వాడేది హిందీ. హిందీలో చారా అంటే పశువుల మేత. నేను ఆ అర్థమే తీసుకున్నాను.

"పశువులకి మేత కోయడం కొన్నాళ్ళు ఆపమంటన్నారు," అన్నాను.

"ఎందుకటా?" అన్నాడు క్రేన్ ఆయన.

తెలియదు అనవలసింది. అనలేదు. వరపు కాలంలో జొన్న మేతకు విషం పడుతుందని ఎప్పుడో ఎవరో అనగా విన్నాను. "వానలు లేనప్పుడు పచ్చగడ్డికి విషం పడతాది. తింటే పశువుకి కడుపుబ్బరం," అన్నాను, అదంతా కాగితంలో ఉన్నట్టే. రెండో వాక్యంలో వరసగా వానలు పడి మడిలో నీరు నిలకడగా ఉండనిదే చారా తీయవద్దని ఉంది. మేతకూ మడిలో నీటికీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ వాక్యం వదిలేశాను.

"మాకు గేదెలూ నేవు, మేతా నేదు. ఇంకేటుంది అందులో?" అని అడిగాడు బావ.

"అంతే బావా," అన్నాను.

బెంగాలీలో చారా అంటే నారు. చెట్ల మొక్కలు పంచిపెట్టే రోజుల్లో చారాగాఛ్ అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను కూడా. ఆ పూట ఒకదానికొకటి ముడిపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. కాసేపే, కానీ మా వీధి కాలువ పొంగింది. బావ గొడుగు కూడా లేకుండా సైకిలు తీశాడు. మడిలో నీరు నిలిచి ఉంది. దీదీ ఊళ్ళో లేదు, కూతురి ఇంటికి వెళ్ళింది. సలహా అడిగేంత చనువు ఊళ్ళో మరెవరితోనూ లేదు. బావ ఊళ్ళోని మనుషుల్ని మాట్లాడుకుని, మర్నాడు పొద్దున్నే ఆకంతా తీయించి ఉభాలు మొదలుపెట్టించాడు. సాయంత్రం ఫోను చేశాడు.

"అయిపోయింది బావా! ఒకటి రెండు సోట్లలో మా సోటు ఉన్నాది!" గొంతులో ఒకటే సంబరం.

"బాగుంది బావా," అన్నాను.

ఆ తరవాత వాన లేదు. పడిన నీరు మొరం నేలలోకి దిగిపోయింది. చెరువు అప్పటికే అడుగంటింది. మడి బురద బిగిసి, పగుళ్ళు విచ్చింది. కొత్తగా నాటిన ఆకు మొదట వాలింది, తరవాత పసుపు తిరిగింది. తరవాతి శనివారం ప్రకటనలో మళ్ళీ ఒకటి రెండు చోట్ల అనే ఉంది. ఆ పై వారమూ అదే మాట. జిల్లా లోటు మాత్రం కొంచెం తగ్గిందని రాశారు, తూర్పున కురిసింది కాబట్టి. నేను అది చదివినప్పుడు బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

ఆకు తీయకుండా ఆగినవాళ్ళు కూడా మా వాళ్ళలో ఉన్నారు. నేను చెప్పినందుకు కాదు, పక్క రైతులు ఆగారని ఆగారు. తరవాత వానలు కుదిరాక ముదురు ఆకే నాటుకున్నారు. పంట తక్కువైనా చేతికొచ్చింది. బావ దగ్గర నాటడానికి ఆకు మిగల్లేదు.

దీదీ తిరిగి వచ్చిన రోజున బావకు తోడుగా నేనూ వెళ్ళాను. ఆవిడ గట్టు మీద నిలబడి మడి వైపు చూసింది. పొడిబారిన మొదళ్ళు చూపించి, "ఎతో చారా నష్టో హోలో," అంది. ఇంత నారు పాడైపోయిందే అని. ఆవిడ వేలు ఎటు చూపిస్తోందో, నోటి మాట ఏమిటో రెండూ కలిపి చూశాక గానీ నాకు తెలియలేదు.

"మీకు ప్రకటన అందలేదా? చారా తీయొద్దని రాశారు కదా," అని ఆవిడ బెంగాలీలో బావని అడిగింది.

బావ నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. నేను జవాబు చెప్తానని చూశాడంతే. ప్రకటన అందింది దీదీ, అన్నాను. అంతవరకే అన్నాను. మిగిలినది ఆవిడే అనుకుంది. బావ ఏదో అనబోయి, మళ్ళీ మడి వైపు తిరిగాడు. దారిలో మాత్రం అడిగాడు.

"ఆ కాగితంలో ఆకు సంగతి ఉన్నాదా ఏటి?"

"ఉంది బావా. నేను చెప్పినట్టే గుర్తు," అన్నాను.

బావ సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. హిజ్లీ దాటాక, "నాకే ఇనపడనేదేమో. ఆ వాన హడావుడిలో ఉన్నాను," అన్నాడు. నేను అబద్ధం చెప్పాను, అతను దాన్ని తన చెవుల మీద వేసుకున్నాడు.

ఆ శనివారం టీ దుకాణంలో క్రేన్ ఆయన బావని వానదేవుడూ అని పిలిచాడు. "మబ్బుల్తోటి నేరుగా మాటాడేసుకుంటాడు. కాగితాలెందుకాయనకి?" అన్నాడు. బావ అక్కడ లేడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరో, "నువ్వు సదివినావు కదా మాస్టారూ, ఇననేదా?" అని అడిగారు. "నేను చదివే చెప్పినాను. ఆయన ఎవరి మాట విన్నాడు గనక," అన్నాను. ఆ మాట వారం తిరక్కుండా మా అక్క చెవిన పడింది. దీదీ ఊరి దాకా వెళ్ళింది.

అక్క ఆ ఏడాదంతా బావని దులిపేసింది. కూరలో ఉప్పు తక్కువైందని ఆయనంటే, "నాను సెప్పినా నువ్వినవు కదా. నాకినపడనేదు అనుకో," అనేది. మొదట్లో బావ ఎదురు జవాబిచ్చేవాడు. తరవాత మానేశాడు. టీ దుకాణానికి రావడం మానేశాడు. నేను వాళ్ళింటికి వెళ్తే ఎప్పటిలాగే కుర్చీ వేసి, "ఏటి బావా, ఆపీసు ఎలాగున్నాది?" అని అడిగేవాడు. నాకు ఆ పలకరింపు తిట్టు కన్నా కష్టంగా ఉండేది. అయినా ఏడాది గడిపేశాను. గడపగలిగాను.

ఈ ఏడు ఎండలు ముదిరాక ఒక ఆదివారం వెళ్ళాను. అక్క వంటింట్లో చేపలు కడుగుతోంది.

"దీదీ కబురెట్టింది. ఈ పాలి భూమి ఇవ్వదట. సెప్పిన మాట ఇనని మనిసికి ఎలాగిత్తానందట. ఏరే ఎవుళికో మాటిచ్చేసిందట," అంది.

"బావ ఏమన్నాడు?"

"ఏటంటాడు? రెండు రోజుల్నుంచి ఆ మంచం మీదే. వర్క్‌షాపు వొదిలినప్పుడు కూడా ఇలాగ నేడు." చేప మీద కత్తి ఆపి, గొంతు తగ్గించింది. "ఒరే తమ్ముడూ, నాను ఊరికే నోరు పారేసుకుంటాను గానీ, ఆ సేను నేకపోతే ఈ మనిసి ఏటైపోతాడోనని బయ్యంగా ఉందిరా."

అక్కడే చెప్పేశాను. చారా అన్న మాట, మేత అని చెప్పడం, విషం కథ, గట్టు మీద తెలిసినా నోరు మూసుకోవడం, టీ దుకాణంలో అన్నది. అక్కకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు కడుక్కుంది.

"అయితే ఏడాది బట్టి ఆ మనిసిని నాను అన్నవన్నీ..." అని ఆగి, "లోపలికెల్లి సెప్పు. నాకు కాదు," అంది.

బావ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. తలుపు లేని వంటిల్లు, అంతా వినే ఉంటాడు. అయినా మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. లేచి కూర్చున్నాడు.

"సారా అంటే ఆకు. దీదీ రోజూ అంటాది ఆ మాట. ఉన్నదున్నట్టు సదివేసుంటే నాకు తెలిసిపోను కదా."

"తప్పైపోయింది బావా."

"మాట తప్పు సదివినావు, సరే. నానూ పనిలో బోల్టులు తప్పు బిగించినోణ్ణే. తరవాత ఇప్పి బిగించీవోణ్ణి." చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. "నా సెవులు పాడైపోనాయనుకున్నాను బావా. డాక్టరు కాడికి కూడా ఎల్లినాను, నీకు తెలుసా?"

నాకు తెలియదు. అక్కకీ తెలియదు. ఆమె గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దీదీ దగ్గరికి నాతో రమ్మంటే బావ రానన్నాడు. ఒక్కడినే వెళ్ళాను. ఆవిడ వరండాలో పీట వేసి కూర్చోబెట్టి, నేను చెప్పినదంతా విన్నది. మధ్యలో ఒక్కసారే నవ్వింది, మేత దగ్గర.

"బాబూ, ఇది ఆ రోజు గట్టు మీద చెప్పవలసిన మాట," అంది బెంగాలీలో. "ఇప్పుడు ఇంకొకరికి మాటిచ్చాను. మాట వెనక్కి తీసుకోలేను."

"బావది తప్పు కాదని మీకు తెలియాలని వచ్చాను దీదీ. భూమి అడగడానికి నాకు ముఖం లేదు."

ఆవిడ పెరటి వైపు చూసింది. చెరువు పక్కన ఒక చిన్న మడి కూరగాయల కోసం ఉంచుకుందట. "అది చిన్నది. ఆయనకి సరిపోదు. కావాలంటే తనే వచ్చి అడగమను. నువ్వు రావద్దు," అంది.

ఆ శనివారం టీ దుకాణంలోనూ చెప్పాను. నిలబడి చెప్పాను. క్రేన్ ఆయన అంతా విని, "సారా తీయొద్దన్నారా? ఆ ముక్క అప్పుడే సెప్పుంటే పేట పేటంతా గోలెట్టీదుము కదా!" అన్నాడు. అందరూ గుక్కతిప్పుకోకుండా నవ్వారు. మావాళ్ళ నోట్లో చ అనేది స అవుతుంది, చారా కాస్తా సారా అయింది. నా ఒప్పుకోలు ఆ నవ్వులో పడిపోయింది. ఆ తరవాత కూడా ఒకరిద్దరు బావని వానదేవుడనే అంటున్నారు. ఒకసారి అంటుకున్న పేరు నేను చెప్పినంత మాత్రాన ఊడిరాలేదు. అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను.

బావ కొన్నాళ్ళు ఆలోచించి ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా దీదీ దగ్గరికి వెళ్ళాడు. చెరువు పక్క మడి తీసుకున్నాడు. ఈ ఏడు కూడా వాన వెనకబడింది. పడమటి జిల్లాల్లో లోటు అని మొన్నటి ప్రకటనలో రాశారు. ఇప్పుడు నేను టీ దుకాణంలో బెంగాలీ మాటలే పైకి చదువుతాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. బావ అక్కడికి రాడు. ఆయనకి దీదీయే చదివి చెప్తుందట.

నిన్న అక్క ఫోను చేసింది. ఆదివారం చేపలు తెస్తున్నాం, భోజనానికి రమ్మని. బావ ఎలా ఉన్నాడని అడిగాను.

"మడి కాడికెల్లినాడు. ఆకు పొడుగైపోతన్నాదట, ఇంకా తియ్యనేదు," అంది. "అడిగితే, దీదీ ఆగమంది, ఆగినానంటాడు. నువ్వొచ్చినప్పుడు ఆ ఆకు ఊసు మాత్రం ఎత్తకు."

సరేనన్నాను.